అత్తగారి మణికట్టు

అత్తగారిది గట్టిగా పట్టుకుంటే ఎముకలు విరిగే జబ్బు. చీకటిపడ్డాక రేడియోధార్మిక మందు ఎక్కించి, స్కాన్ గదిలో ఆమెను ఒంటరిగా పడుకోబెట్టారు. అద్దానికి ఇవతల టెక్నీషియన్, కోడలు తెర చూస్తున్నారు. మందు ఎక్కిన ఎముకలే తెరమీద మెరుస్తాయి.

అత్తగారి మణికట్టును పట్టుకుని మరో ఐదు వేళ్లు మెరిశాయి.

"మందిచ్చింది ఈవిడొక్కరికే కదా!" అన్నాడు టెక్నీషియన్.

మైకులో అత్తగారు అరిచింది. "ఒసేయ్ కోడలా, చెయ్యి వదలవే!"

లోపల ఏదో పుటుక్కుమంది. వేళ్లు మెల్లగా మెడవైపు పాకాయి. టెక్నీషియన్ తలుపువైపు పరుగెత్తబోయాడు.

కోడలు అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉండండి. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకేం జరిగినా నేనే చేశానంటారు. ఇవాళ నేనిక్కడే ఉన్నానని చెప్పడానికి మీరున్నారు."