మూడు గడియారాలు

ముసలాయన బల్ల మీద వేలితో తట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"అమ్మాయ్, మూడిటికీ ఒకటే గడియారమా?"

ఇంజనీరమ్మ తలెత్తలేదు. ఎదురుగా మూత తీసిన కంప్యూటరు. లోపల, దేని గడియారం దానికే ఉన్న మూడు కార్డులు. గనిలో రాతికి బిగించిన చెవుల్లాంటి పరికరాలు వినే ప్రతి చప్పుడూ వాటిలోకే వస్తుంది. రేపు కప్పు కూలి ఎవరైనా లోపల చిక్కుకుంటే, వాళ్లు రాతిని కొట్టే చప్పుడు ఏ చెవికి ముందు అందిందో, ఏ చెవికి తర్వాత అందిందో లెక్కగట్టి చోటు చెప్పాలి.

"ఒక్క మీట నొక్కితే మూడూ ఒకేసారి మొదలవుతాయి తాతగారూ."

"ఒకేసారి బయల్దేరడం వేరు తల్లీ, కడదాకా కలిసి నడవడం వేరు. మా ఇంట్లో మూడు గడియారాలున్నాయి. రోజూ పొద్దున్నే కలుపుతాను. మర్నాటికి దేని దారి దానిదే."

"మూడెందుకు తాతా? ఒక్కటి సరిగ్గా చూసుకుంటే అన్నం వేళకైనా ఇల్లు చేరతావు," అన్నాడు సూపర్‌వైజరు.

ముసలాయన కూడా నవ్వాడు.

సూపర్‌వైజరు ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "నేను చేరేటప్పటికే దీపాల గదిలో దీపాలు తుడిచేవాడు మేడమ్. పాత గనిలో కప్పు కూలినప్పుడు కొడుకు పోయాడట. అప్పట్నుంచీ ఇంతే. పట్టించుకోకండి."

ముసలాయన జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో జానెడు పట్టీ తీగ.

"ఇది మూడు కార్డుల నెత్తినా తగిలించు. ఒకటి భజనలోలా తాళం వేస్తుంది, మిగతా రెండూ దాని వెంట నడుస్తాయి."

"తాతగారూ, ఇది దీపాలు తుడవడం కాదు."

అనేశాక నాలుక కరుచుకుంది.

ఆయన పొట్లం కిటికీ గట్టున పెట్టి వెళ్లిపోయాడు.

ఇక లోపలికి రానివ్వద్దని ఆమె గేటు కాపలా అతనికి చెప్పింది. కుర్చీ మాత్రం వేయమంది.

ఆ కుర్చీలో ఆయన కూర్చోలేదు. నాలుగు రోజులు గేటు అవతల ఎండలో నిలబడ్డాడు. ఆమె కిటికీలోంచి చూస్తే మూడు వేళ్లు ఎత్తేవాడు. తర్వాత వాటిని దగ్గరకు చేర్చి పిడికిలి బిగించేవాడు. మూడో రోజు ఆమె తెర లాగేసింది.

ఐదో రోజు గేటు దగ్గర కుర్చీ ఒక్కటే ఉంది.

ఆరోజే పరీక్ష. మేస్త్రి గనిలోకి దిగి సుత్తితో రాతిని కొట్టాడు. కంప్యూటర్లో చుక్క సరిగ్గా అతను నిలబడ్డ చోటే వెలిగింది. గంట తర్వాత అక్కడే మళ్లీ కొట్టాడు. చుక్క నలభై అడుగుల అవతల వెలిగింది.

"ఏంటి మేడమ్, మన మేస్త్రి రాతిలోకి దూరాడా?"

ఆమెకు నవ్వు రాలేదు. గంటలోనే మూడు కార్డులూ మూడు దారులు పట్టాయి.

పొట్లం విప్పింది. కాగితం లోపలి వైపు ముత్యాల్లాంటి అక్షరాలు. 'మొదటి కార్డు గడియారమే మూడిటికీ. మొదలుపెట్టే సంకేతమూ దానిదే.'

తీగ తగిలించింది. కాగితంలో ఉన్నట్టే అమర్చింది. నమ్మకం కుదిరేదాకా, వారం రోజులు గంటగంటకూ సుత్తి మోగించింది. చుక్క అడుగు కూడా జరగలేదు.

ఆ మాట చెప్పాలని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. కోడలు తలుపు తీసింది.

"మామయ్యగారు పోయి ఐదు రోజులైందండీ."

గోడ మీద మూడు గడియారాలు. మూడూ మూడు వేళలు చూపిస్తున్నాయి.

"చివర్లో ఏమైనా అన్నారా?"

"'ఆ అమ్మాయి తగిలించిందా?' అని ఒకటే అడగడం. ఏం తగిలించాలో నాకేం తెలుసండీ? పాపం, ఊరట పడతారని తగిలించిందట అనేశాను. అప్పుడు నిద్రపట్టింది ఆయనకి."

"అబద్ధం కాదమ్మా. అప్పటికే తగిలించాను."

కోడలు లోపలికెళ్లి పాత ఫైలు తెచ్చింది. "మీరొస్తే ఇమ్మన్నారు."

పాత గని ప్రమాదం మీద నివేదిక అది. చిక్కుకున్నతను రెండు రోజులు రాతిని కొడుతూనే ఉన్నాడు. కంప్యూటరు చూపిన చోటే తవ్వారు. అతను నలభై అడుగుల ఇవతల ఉన్నాడు.

చివరి పేజీలో 'కార్డులు అమర్చిన ఇంజనీరు' అన్న చోట, పేరు అవే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది.