పలికిన పిట్ట

"ఇది ఊదితే నిజంగా పిట్ట వస్తుందంటారా?" ఎముకతో చేసిన ఈలను అటూ ఇటూ తిప్పి చూస్తూ భర్తని అడిగింది ఆవిడ.

"రాకేం! వేటగాడు పొదలో నక్కి ఊదుతాడు. తన జత పిలుస్తోందనుకుని కౌజుపిట్ట పరుగెత్తుకొస్తుంది. వెర్రిమొహంది, పిలిచేదెవరో చూసుకోదు!"

"బద్ధకప్పిట్టలు కూడానా?"

"ఎంతటి పిట్టైనా కదలాల్సిందే!"

వీధిలో అందరూ ఆయన్ని 'మ్యూజియంగారు' అంటారు. హాలు గోడలనిండా అడవిజాతులవాళ్ల విల్లంబులు, అంబులపొదులు, ఉచ్చులు, వలలు. వాటి మధ్య పడక్కుర్చీలో ఆయన. రిటైరయ్యాక ఆ కుర్చీ దిగింది లేదు. షుగరు మాత్రం మెట్లెక్కుతూనే ఉంది.

"నెలలో దిగకపోతే ఇంజెక్షన్లే బావగారూ, నడవండి!" అని డాక్టరైన బావమరిది హెచ్చరించాడు. పంచదార డబ్బా అటకెక్కింది గానీ ఆయన గడప దాటలేదు.

"ఇవి జతగా చేస్తారు. రెండోది దారిలో పడిపోయినట్టుంది," అని ఆయన నిట్టూర్చాడు. "నాలా ఇలాంటివి సేకరించేవాళ్లేమో ఇది బొమ్మ ఈల అంటున్నారు. పిట్ట పలికితే వాళ్ల నోళ్లు మూతపడతాయి."

"పలుకుతుందిలెండి," అంటూ ఆవిడ ఈల వచ్చిన పార్సిల్లోని గడ్డి అంతా పోగుచేసి పట్టుకెళ్లింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పాలకి వెళ్లాక ఆయన కిటికీలోంచి ఊదాడు.

ఎదుటి పార్కులోంచి జవాబొచ్చింది!

చెప్పులు కుడిఎడమలు తప్పి తొడుక్కుని మరీ పరుగెత్తాడు. పొద దగ్గరికి వెళితే కూత చెట్ల వెనకనుంచి, అక్కడికి వెళితే చెరువుగట్టు మీంచి. చెమటలు కక్కుతూ ఇల్లు చేరేసరికి, పాల సంచీతో ఆవిడా రొప్పుతూ వచ్చింది.

"అసలైనదేనే! పిట్ట పలికింది!"

"కనబడిందా?"

"తోకైనా చూపించలేదు. మహా గడుసుది!"

"మీకు పిట్టా, నాకు పాలూ. ఇద్దరికీ ఆయాసమే."

నెల తిరిగేసరికి ఆ పిట్ట ఆయన్ని వంతెన దాటించి రైలుకట్ట దాకా తిప్పింది. ప్యాంట్లన్నీ నడుం మీంచి జారుతున్నాయి. ఆవేళా ఇద్దరూ రొప్పుతూ ఇంట్లో అడుగు పెట్టారో లేదో, ఫోను మోగింది.

"షుగరు దిగింది బావగారూ! ఇంజెక్షన్లు అక్కర్లేదు! ఏం మందు వాడారు?"

"మందు సంగతి తర్వాత చూద్దాంగానీ, రేపు దాని ఫోటో తీయకపోతే నా పేరు మ్యూజియంగారే కాదు!"

ఆయన కెమెరా కోసం హాల్లోకి పరుగెత్తాడు. వంటింట్లో ఆవిడ స్టూలెక్కి పంచదార డబ్బా దించింది.

పాల సంచీలోంచి రెండో ఈల తీసి అందులో దాచింది.