కొండల మధ్య సందు

ఆమె జీపుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

సమయానికి బ్రేకు పడింది గనక సరిపోయింది.

"చావడానికి నా జీపే దొరికిందా అమ్మా?" రేంజరు తల బయటపెట్టి అరిచాడు.

"కంచెకు కరెంటు ఇవ్వకండి బాబూ."

రేంజరుకు ఒళ్ళు మండింది. రెండు కొండల మధ్య సందుకు అడ్డంగా కట్టిన కంచెకు ఇంకాసేపట్లో ప్రారంభోత్సవం. పోయిన నెల ఏనుగు తొక్కి చంపిన కుర్రాడి తల్లి చేత స్విచ్ నొక్కించాలని పెద్దసారు ముచ్చటపడ్డాడు. ఆమెను తీసుకురమ్మని పంపిన గార్డు అయిపూ అజా లేదు.

"ఎండపొడ సోకని అడవండీ ఇది. నరికి తోటలేశారు. ఏనుగులు నీళ్ళకు పోయే దారి ఇదొక్కటే మిగిలింది. ఇదీ మూస్తే ఊళ్ళోకి రాక ఎటు పోతాయి?"

ఆ సంగతి రేంజరుకు తెలియక కాదు. పది రోజుల కిందట బదిలీ మీద వచ్చిన మర్నాడే ఇదంతా పైకి రాశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ ఉక్రోషం కాస్తా ఆమె మీదికి మళ్ళింది.

"చెట్టంత కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉందక్కడ. ఆవిడ ముఖం చూసి చెప్పగలవా ఈ మాట?"

ఆమె ఏదో చెప్పబోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పలేవుగా! పక్కకు జరుగు."

జరిగింది.

కంచె దగ్గర అందరూ ఎదురుచూశారు. తల్లి జాడ లేదు.

రేంజరు ఆఖరిసారి నసిగాడు. "సార్, ఈ ఒక్క సందూ వదిలేద్దామా?"

"ఆ తల్లి వచ్చి వద్దంటే ఇప్పుడే పీకించేస్తానయ్యా. ఆవిడ కోసమేగా కట్టింది!"



పెద్దసారు వాచీ చూసుకుని, తనే స్విచ్ నొక్కి, కారెక్కి వెళ్ళిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రేంజరూ కొట్టాడు, కొట్టక ఏం చేస్తాడు?

పొద్దు వాలుతుండగా మంద దిగింది. ముందున్న ముసలి ఏనుగు తీగను తొండంతో తాకి, ఘీంకరించి వెనక్కి పడింది. పిల్ల ఏనుగు తల్లి పొట్టకింద దూరింది. కాసేపు అన్నీ అలాగే నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే ఊరివైపు తిరిగాయి.

రేంజరుకు ఏడుపొచ్చింది.

అప్పుడొచ్చాడు గార్డు, రొప్పుకుంటూ.

"ఇంతసేపూ ఏం చేశావయ్యా? ఆ తల్లేదీ?"

"ఊరంతా వెతికానండీ. జీపుకు అడ్డంపడి అయినా సరే మిమ్మల్ని ఆపుతానని మధ్యాహ్నమే బయల్దేరిందట."