ఆర్నెల్ల అనుభవం

"సంతకం పెట్టవే తల్లీ, ఏం చూస్తున్నావ్?" అంది ఉద్యోగాలక్క.

యూనివర్సిటీలో చదువు ముగించిన పిల్లల్ని ఏదో ఒక కొలువులో కుదర్చడం ఆవిడ పని. ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఈ ఏడాది అందర్నీ ఒడ్డున పడేసింది, ఈ ఒక్క పిల్లని తప్ప. విచిత్రం చూడండి, క్లాసులో ఫస్టు వచ్చింది ఈ పిల్లే! అందరూ 'గోల్డ్ మెడల్' అని పిలిచేవాళ్ళు. పాపం, పదకొండు కంపెనీల మెట్లు ఎక్కి దిగింది. ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, అనుభవం ఉందా అని. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందని అడిగే నాథుడు లేడు.

పన్నెండోది ఈ రంగుల ఫ్యాక్టరీ. సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం. ఇంటర్వ్యూ కూడా లేదు, కాగితం చేతిలో పెట్టేశారు.

గోల్డ్ మెడల్ చేతిలో పెన్ను కదల్లేదు. "అక్కా, ఇందులో నేను ఆర్నెల్ల కిందటే చేరినట్టు రాశారు. నేనొచ్చింది ఇవాళే కదా?"

బల్లకి అవతల మేనేజరు చిన్నగా నవ్వాడు. "మీకు లేనిది అనుభవమే కదమ్మా? అదే ఇస్తున్నాం. ఆర్నెల్లుగా ఈ సీటు ఖాళీగానే ఉంది. ఆ ఆర్నెల్లూ మీ ఖాతాలో వేస్తే మా సొమ్మేం పోయింది? రేపు మీరు ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది."

"ఈ రోజుల్లో ఇంత మంచితనం ఎవరికుందండీ!" అంది ఉద్యోగాలక్క. పైపైన అన్న మాట కాదు. పిల్లల బయోడేటాల్లో నాలుగైదు నెలలు అటూ ఇటూ జరపడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అందులో తప్పుందని ఏనాడూ అనుకోలేదు. నలుగురు పిల్లలు అన్నం తింటున్నారు, అంతే ఆవిడకి తెలిసింది.

పిల్ల సంతకం పెట్టింది. మేనేజరు వెంటనే బీరువా తీసి లావుపాటి రిజిస్టర్లు బల్లమీద పెట్టాడు.

"ఇవేంటండీ?"

"రోజువారీ తనిఖీవి. ఆర్నెల్ల ఉద్యోగం అన్నాక ఆర్నెల్ల సంతకాలూ ఉండాలి కదమ్మా. ఎవరైనా అడిగితే చూపించుకోవద్దూ?"

ప్రతి పేజీలో ఒకటే వాక్యం. 'షెడ్లన్నీ స్వయంగా చూశాను. ఏ లోపమూ లేదు.' కింద సంతకానికి ఖాళీ. పిల్ల పెట్టుకుంటూ పోయింది. మేనేజరు పక్కనే నిలబడి పేజీలు తిప్పుతున్నాడు. ఒకచోట ఆగి వేలితో చూపించాడు.

"ఇక్కడ కాస్త స్పష్టంగా, పేరంతా కనబడేలా పెట్టండి."

ఉద్యోగాలక్క కిటికీలోంచి బయటికి చూసింది. ఆవరణ చివర ఒక షెడ్డుకి పెద్ద తాళం వేసి ఉంది. గోడలకి కొత్తగా సున్నం కొట్టారు. మిగతా వాటిలో ఒక్కదానికీ సున్నం లేదు. పనివాళ్ళు ఆ షెడ్డు దగ్గరికి వచ్చేసరికి చుట్టూ తిరిగి పోతున్నారు. ఒక్కడూ అటు తలెత్తి చూడటం లేదు.

మంచినీళ్ళు తెచ్చిన ఆయా రిజిస్టరు చూసి ఆగిపోయింది. పిల్ల మొహంలోకి చూసి, "నీకు అమ్మానాన్నా ఉన్నారా తల్లీ?" అంది గొంతు తగ్గించి.

"ఉన్నారు. ఎందుకమ్మా?"

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు మేనేజరు. ఆయా గ్లాసులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆయన ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు. "వచ్చేశారండీ, ఇక్కడే ఉన్నారు," అనడం లోపలికి వినబడింది.

పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది. "అక్కా, నాకేదో భయంగా ఉంది. వెళ్ళిపోదాం."

నిజం చెప్పాలంటే ఉద్యోగాలక్కకీ లేచిపోవాలనే ఉంది. కానీ మళ్ళీ ఇంకో పదకొండు గుమ్మాలా? ఆ పిల్ల ఏడుపు మొహం మళ్ళీ చూడాలా?

"మొదటిరోజు ఎవరికైనా ఇలాగే ఉంటుంది. నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకుంటావా? నేనున్నాను కదా, కానీయ్!" అని కసిరింది.

పోయిన నెల తేదీ వేసి ఉన్న ఆఖరి పేజీ అయ్యేసరికి మేనేజరు తిరిగొచ్చాడు. కాసేపటికి చంకలో ఫైలుతో ఒకాయన లోపలికి వచ్చాడు. చూడ్డానికి ఏదో ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన గుమాస్తాలా ఉన్నాడు. మేనేజరు గబుక్కున లేచి ఆయనకి తన కుర్చీ ఇచ్చేశాడు.

"సేఫ్టీ ఆఫీసరు మీరేనా అమ్మా? చేరి ఎన్నాళ్ళయింది?"

పిల్ల అక్క వైపు చూసింది. ఉద్యోగాలక్క మోచేత్తో పొడిచి, చెప్పు చెప్పు అన్నట్టు తలాడించింది.

"ఆర్నెల్లండీ."

"షెడ్లు రోజూ మీరే చూస్తారా?"

"నేనేనండీ."

"ఈ సంతకాలన్నీ మీవే? ఎవరూ బలవంతం చేయలేదుగా?"

"లేదండీ, నావే."

ఎక్కడా తడబడలేదు! ఉద్యోగాలక్కకి ప్రాణం లేచొచ్చింది. శభాష్ అన్నట్టు పిల్ల వీపు తట్టింది.

ఆయన రిజిస్టర్లన్నీ దగ్గరికి లాక్కున్నాడు. గుమ్మం వైపు తిరిగి చెయ్యి ఊపితే ఇద్దరు ఆడ పోలీసులు లోపలికొచ్చారు.

"పోయిన నెల ఆ షెడ్డులో ఇద్దరు కాలిపోయినప్పట్నుంచీ సేఫ్టీ ఆఫీసరు పరారీలో ఉందని మేనేజరు గారు చెప్తుంటే నేనే నమ్మలేదమ్మా, పదండి."