ఎర్ర గుర్తు పడిన ఎంట్రీ

"అక్కా, ఈ పెద్దమనిషి మూడు వేషాల్లో ఉన్నాడు చూడు!" అంది పరిశోధక విద్యార్థిని, తెర మీదికి వంగి.

పక్క బల్ల సీనియర్ కుర్చీ జరుపుకుంటూ వచ్చింది. థీసిస్‌కు ఆధారంగా తీసుకున్న పేపర్ల జాబితా ఉంచే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో ఒకే పరిశోధన పేపరు మూడుసార్లు దిగి ఉంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక. మూడోచోట రచయిత గడిలో పత్రిక పేరు, సంవత్సరం గడిలో పేజీ నంబరు. పాపం, సాఫ్ట్‌వేర్‌కు ముగ్గురూ వేరువేరు మనుషులే.

"మూడూ కలిపెయ్. ఇంకెన్నున్నాయి?"

"తొమ్మిది వందలతో మొదలెట్టాను. ఇప్పటికి నాలుగు వందల పన్నెండుకు దిగాయి. తలప్రాణం తోకకొచ్చిందక్కా."

"కంప్యూటర్ సెక్షన్ వాళ్లకిస్తే చేసిపెట్టేవాళ్లుగా!"

"సార్ ఒప్పుకోలేదు. ప్రతి ఎంట్రీ నీ కంటితో నువ్వే చూడాలి, ఆ తర్వాతే సంతకం అన్నారు. మూడింటికి వస్తారు."

సార్ అంటే ఆమె గైడు. మాట్లాడేదే తక్కువ. ఆర్నెల్ల క్రితం ఆమె థీసిస్‌లోని మూడో అధ్యాయాన్నీ, కొలతలు రాసుకున్న నోటుబుక్కునీ పట్టుకెళ్లారు. అధ్యాయం తిరిగొచ్చింది, ఒకే ఒక్క వాక్యం చుట్టూ పెన్సిల్ గీతతో. నోటుబుక్కు రాలేదు. అడిగే ధైర్యం ఈవిడకెక్కడిది?

తడిసిన నల్లమట్టి తొమ్మిది రోజులు తేమ నిలుపుకుంటుందని ఇరవై ఏళ్ల క్రితం సార్ ఒక పేపరు రాశారు. ఆయనకు పేరు తెచ్చిపెట్టింది అదే. ఈమె నాలుగుసార్లు కొలిచినా ఐదు రోజులే వచ్చింది. 'పొరపాటు నా కొలతల్లోనే ఉండవచ్చు' అని రాసి చేతులు దులుపుకుంది. పెన్సిల్ గీత పడింది ఆ వాక్యం చుట్టూనే.

అన్నీ సరిచేసి, చివరగా 'అప్‌డేట్' నొక్కింది. ఒక ఎంట్రీ పక్కన ఎర్ర గుర్తు వెలిగింది. ఈ పేపరును అచ్చువేసిన పత్రికే ఉపసంహరించుకుంది అని దానర్థం. ఏ పేపరా అని చూసింది. అది సార్ పేపరు.

"అమ్మో!" సీనియర్ గొంతు తగ్గించింది. "ఎవరో గిట్టనివాళ్లు పత్రికకు ఫిర్యాదు చేసుంటారు. నీ మూడో అధ్యాయం గుర్తుందిగా? అనుమానం ముందు నీ మీదికే వస్తుంది."

"నేనెవరికీ రాయలేదక్కా, ఒట్టు!"

"నాకు తెలుసే. ఆయనకెలా తెలుస్తుంది? ఐదేళ్ల కష్టం ఒక్క సంతకం దగ్గర ఆగింది. తీసెయ్ దాన్ని. చూడనట్టు ఊరుకో."

ఎర్ర గుర్తు మీద నొక్కితే కారణం కనిపిస్తుంది. నొక్కడానికి ఆమెకు చేతులాడలేదు. ఎంట్రీని చెత్తబుట్టలోకి తోసేసింది.

మూడింటికి సార్ వచ్చారు. కళ్లజోడు సవరించుకుని, ఆమె ప్రింటు తీసిచ్చిన జాబితా మొత్తం పైనుంచి కిందికి చూశారు.

"నా పేపరు లేదేం?"

"సార్... దానికి ఎర్ర గుర్తు వచ్చింది. మీరు బాధపడతారని..."

"కారణం చదివావా?"

"లేదు సార్."

ఆయన జాబితాను బల్ల మీద పెట్టారు. సీనియర్ తన బల్ల సొరుగులో లేని ఫైలును తెగ వెతుకుతోంది.

"దాచిపెట్టి ఇచ్చేది జాబితా ఎలా అవుతుందమ్మా? తిరిగి పెట్టు. ఉపసంహరించారని పక్కన రాయి."

అంతే. పెన్ను తీసి సంతకం చేశారు. సంచిలోంచి ఆమె నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవ్వడం ఆలస్యమైంది. ఏమీ అనుకోకు," అని వెళ్లిపోయారు.

"గట్టెక్కావే!" సీనియర్ ఆమె వీపు చరిచింది. ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఎన్ని రోజుల తర్వాతో గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఎంట్రీని చెత్తబుట్టలోంచి బయటికి తీసింది. ఇక భయమెందుకని ఎర్ర గుర్తు మీద నొక్కింది.

పత్రికవాళ్లకు అందిన ఉత్తరం తెరుచుకుంది. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం.

'నా కొలత తప్పు, నా విద్యార్థిని కొలతే సరైనది.'