దింపుడు కళ్లం దగ్గర

“ఏమీ కనిపించలేదంటే ఎలాగండి తాతగారూ? చచ్చి బతికి కూడా ఏమీ చూడకపోతే ఇక మిమ్మల్ని ఎవడు చూస్తాడు?”

శ్యామ్ కెమెరా ఆపేసి జుట్టు పీక్కున్నాడు. హయత్‌నగర్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా బండి మీద దుమ్ము తింటూ వచ్చాడతను. వింత అనుభవాలు ఎదురైనవాళ్ళ చేత వాళ్ళ కథలు చెప్పించి యూట్యూబ్‌లో పెట్టడం అతని పని. పోయిన నెలలో పాడె మీంచి లేచి కూర్చున్న గోపయ్య ఇప్పుడు అతని ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు.

“మొన్న ఒకాయన యమభటుల మీసాలు ఎన్ని మెలికలు తిరిగాయో కూడా చెప్పాడు. ఆయన పోయింది రెండు నిమిషాలే. మీరు పూటంతా పోయారు!”

“చీకటే బిడ్డా. పండుకున్నట్టే ఉండె,” అన్నాడు గోపయ్య.

పెద్దకొడుకు దివాకర్‌కి ఒళ్ళు మండింది. శ్యామ్‌ని ఫోన్ చేసి పిలిపించింది అతనే. తండ్రి కుర్చీ వెనక తన ప్లాట్ల వెంచర్ ఫ్లెక్సీ కట్టించిందీ అతనే.

“బాపూ, యముడు కనవడ్డడని జర చెప్పరాదే! దున్నపోతు మీద వచ్చిండని చెప్పు. నీ నోట్ల ముత్యాలు రాల్తయా?”

“కనవడనోన్ని కనవడ్డడని ఎట్ల చెప్పాలెరా?”

“అవ్, లోకంల నువ్వొక్కనివే సత్యమంతునివి!”

కుర్చీ పక్కన నేల మీద గోపయ్య భార్య మాణిక్యమ్మ కూర్చుని ఉంది. శ్యామ్ ఆమె ముఖం కూడా చూడకుండా చెయ్యి ఊపాడు.

“మామ్మగారూ, కాస్త అవతలికి. వీడియోలో మీ మోకాలు పడుతోంది.”

ఆమె జరిగింది. గోపయ్య తన చేతిలో బిస్కెట్టు సగానికి విరిచి, కుర్చీ కిందుగా ఆమెకు అందించాడు.

ఇంట్లోంచి కోడలు యమున గొంతు వినిపించింది. “అత్తమ్మా, సంచి సర్దుకున్నవా? మాపటికి మరిది ఆటో తెస్తడు.”

“ఇంకో నాల్గొద్దులు ఉంటనే యమునా.”

“ఎందుకు? మామ మా వంతు, నువ్వు వాళ్ళ వంతు. పెద్దమనుషుల ముందట మాటయ్యింది. మామ సచ్చిండని వచ్చినవ్. సావలేదు గద, ఇంకేం పని?”

రెండేళ్ళుగా ఆయన ఇక్కడ, ఆమె యాచారంలో చిన్నకొడుకు దగ్గర. ఇద్దరు ముసలివాళ్ళకు కలిపి అన్నం పెట్టే ఓపిక ఏ కొడుక్కీ లేకపోయింది.

మాణిక్యమ్మ సంచి కోసం లేవబోయింది. గోపయ్య ఆమె వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

“కెమెరా పెట్టు బిడ్డా. కనవడలే గని, ఇనవడ్డది.”

శ్యామ్ గబుక్కున కెమెరా ఆన్ చేశాడు. “ఏం వినపడిందండీ?”

“దింపుడు కళ్లం కాడ పాడె దించిండ్రు. కొడుకు చెవుల మూడుసార్లు పిలవాలె గద. పిలిచిండు మా దివాకర్. ఎక్కడ లేస్తనో అన్నట్టు గుసగుసగ పిలిచిండు.”

దివాకర్ నవ్వబోయి ఆగిపోయాడు.

“పిలిచి, ‘అయిపాయె, ఎత్తుండ్రి, ఎండ కొడ్తుంది’ అన్నడు. గప్పుడే మా కోడలు వాళ్ళక్కతోని అంటుండె, ‘ముసలోని మంచం అవతల పారేసి ఆ అర్ర కిరాయికిస్తా, శేరిగూడ కాలేజీ పోరగాళ్ళు మస్తుగ దొరుకుతరు’ అని.”

టీ గ్లాసుతో గడప దాటబోయిన యమున అక్కడే నిలబడిపోయింది.

“ఇంక మావోడు పాడె పక్కకే నిలబడి ఫోన్ల మాట్లాడె. గీ ఫ్లెక్సీ మీదున్న ప్లాట్లల్ల చెరువు భూమి ఎంత కలిసిందంటే…”

“బంద్ చెయ్యి తమ్మీ!” దివాకర్ కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. “బంద్ చెయ్యమన్న!”

“అదేంటండీ, ఇప్పుడే కదా రసపట్టులో…”

“డిలీట్ కొట్టు! అంతా తీసెయ్యి! నా ముందటనే తియ్యి!” వీడియో మొత్తం తుడిచేయించి గానీ శ్యామ్‌ని వదల్లేదు. తర్వాత తండ్రి కుర్చీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కిందటి ఎన్నికల్లో వార్డుకు నిలబడి ఓట్లు అడిగినప్పుడు కూడా అంత వినయం చూపించి ఉండడు.

“బాపూ, నీకు దండం పెడ్త. ఏం గావాలె నీకు?”

“నాకేం గావాలెరా? ఒక్కన్ని కూసుంటే అన్నీ యాదికొస్తయి. మీ అమ్మ పక్కన ఉంటే మరిచిపోత.”

దివాకర్ వెంటనే తమ్ముడికి ఫోన్ కలిపాడు. “ఆటో తేకు. అమ్మ మా తాననే ఉంటది… అవ్, ఎప్పటికి! నీకెందుకురా కారణాలు?”

యమున అత్త సంచిని తన చేత్తోనే లోపల పెట్టింది. మామకు తెచ్చిన టీ అత్త చేతికిచ్చి, ఆయనకు ఇంకోటి తేవడానికి లోపలికి పరుగెత్తింది.

శ్యామ్ స్టాండు మడుస్తూ అందరినీ పేరుపేరునా తిట్టుకున్నాడు. మామూలు మనుషుల్లా చావడం చేతకాదు, బతకడమూ చేతకాదు, వీళ్ళ కోసం పెట్రోలు దండగ! గేటు దగ్గర బండి తీస్తుంటే మాణిక్యమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది.

“ఎండల వచ్చినవ్ బిడ్డా, తాగు.”

చెంబు ఖాళీ చేశాక అతని గొంతు కాస్త మెత్తబడింది. “మామ్మగారూ, ఇప్పుడు కెమెరా లేదు. నాకొక్కడికే చెప్పండి. చచ్చిపడున్న మనిషికి అన్ని మాటలు ఎలా వినపడ్డాయండీ?”

“ఆయనకేం ఇనవడ్తది బిడ్డా? పాడె మళ్ళ ఎత్తినంక దగ్గి లేచేదాక ఆయనకు సోయే లేదు.” ఆమె ఇంటివైపు ఒకసారి చూసి, ఖాళీ చెంబు అందుకుంది. “ఏడ్చి ఏడ్చి పాడె పక్కకే సొమ్మసిల్లిందనుకొని నన్నెవలు పట్టించుకోలే. అన్నీ ఇన్నది నేను.”