పిన్ని అలిగితే

"విరుగుడు ఉందా, లేదా? అదొక్కటి చెప్పమ్మా," అన్నాడు పెద్దసారు గోడ గడియారం వైపు చూస్తూ.

"ఉంది సార్," అంది డిజైనర్, తడుముకోకుండా.

అప్పటికి మూడున్నరయింది. నాలుగింటికల్లా పాత్రల జాబితా పంపేయాలి. నాలుగు కంపెనీల ఆటల్లోంచి తలా కొందరు యోధుల్ని తెచ్చి, ఒకే బరిలో దించి కొట్టించే వీడియో గేమ్ అది. మిగతా మూడు కంపెనీలూ కత్తులు తిప్పేవాళ్ళనీ, నిప్పులు కక్కేవాళ్ళనీ పంపాయి. వీళ్ళ దగ్గరున్నదల్లా ఒక వంటల ఆట. అందులోంచి డిజైనర్ ఏడాదిపాటు కూర్చుని తయారుచేసిన యోధురాలే పిన్ని. బొద్దుగా ఉంటుంది. గరిటె విసురుతుంది, పళ్ళెం అడ్డం పెట్టుకుంటుంది, గిన్నె మూత తీసి ఆవిరి ముఖాన కొడుతుంది. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. పేచీ అంతా నాలుగో ఎత్తుతోనే.

నాలుగో ఎత్తు అలక. బటన్ నొక్కిపట్టినంతసేపూ పిన్ని మూతి ముడుచుకుని, ఎదుటివాడికి వీపు చూపించి నిలబడుతుంది. ఆ వీపు మీద ఎవడు దెబ్బ వేసినా వాడి బలమే తరిగిపోతుంది. ఆఫీసులో ఇప్పటికి పదిమంది ఆ వీపు ముందు చిత్తయ్యారు.

"విరుగుడు లేని ఎత్తుని బరిలోకి రానివ్వరు. ఎత్తు పోతే పిన్నీ పోయినట్టే. ప్రోగ్రాం రాసినవాళ్ళు చెప్పకూడదు, ఆడేవాళ్ళే కనుక్కోవాలి. కానివ్వండి," అన్నాడు పెద్దసారు.

పిన్నిని ఆడించేది డిజైనర్. ఎదురు ఆడేది టెస్టర్. ఎంతటి ఆట గుట్టయినా అరగంటలో లాగేస్తుందని ఆమెకు పేరు. పైగా డిజైనర్‌కి స్వయానా చెల్లెలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వస్తారు, పదకొండు రోజులుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అందుకే పెద్దసారు ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకున్నాడు.

టెస్టర్ ఇనుప ఎలుగుబంటిని ఎంచుకుంది. గంట కొట్టగానే పిన్ని వీపు తిప్పేసింది.

"సార్, పిన్నిని కాస్త కదలమనండి."

"కదలమంటోందమ్మా," అన్నాడు పెద్దసారు ఇటు తిరిగి.

"నా చెవులు బాగానే ఉన్నాయి సార్. కదలదని చెప్పండి."

"కదలదట," అన్నాడు పెద్దసారు అటు తిరిగి.

ఎలుగు గోళ్ళతో రక్కింది. బలం కాస్త తగ్గింది, ఎలుగుదే. గాల్లోకి ఎగిరి మీద పడింది. ఇంకాస్త తగ్గింది. టెస్టర్ వేళ్ళు బటన్ల మీద చినుకుల్లా టపటపలాడుతున్నాయి. తనకొచ్చిన విద్యలన్నీ వేసింది. చివరికి ఎలుగు చేత పల్టీలు కొట్టించింది, చిందులు తొక్కించింది. పిన్ని మెడ కూడా తిప్పలేదు.

"ఏం చేస్తే తిరుగుతుంది సార్ ఈవిడ?"

"చెప్పకూడదు కదా సార్," అంది డిజైనర్.

"అసలు కోపమెందుకొచ్చిందో కూడా తెలీదు సార్ నాకు! మీటింగులో పిన్నిని చూసి ఒక్క జోకేశాను. ఈవిడ పోట్లాటకొచ్చిందా, కూరగాయలు కొనడానికొచ్చిందా అన్నాను. దానికే! అందరూ నవ్వారు కూడా."

"అందరూ నవ్వారనే చెప్పండి సార్. ఏడాదంతా నేను చేసిన పనిని చూసి అందరూ నవ్వారు."

ఈ మాట ఎటు తిరిగి చెప్పాలో పెద్దసారుకి తెలియలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నాలుగవడానికి ఐదు నిమిషాలుంది. ఎలుగు బలం గీతంత మిగిలింది. ఇంకొక్క దెబ్బ వేస్తే అదే కూలిపోతుంది. టెస్టర్ బటన్ మీదికి వేలు పోనిచ్చి ఆగిపోయింది. పక్కకి చూసింది. అక్క కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి, నిండుగా ఉన్నాయి.

టెస్టర్ కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టేసింది.

"అక్కా," అంది. పదకొండు రోజుల తరవాత మొదటి మాట అది. "నేనలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే. మిగతావాళ్ళు నవ్వినా నేను నవ్వకూడదు. సార్, నాకు చేతకాలేదని రాసుకోండి. పిన్నిని మాత్రం తీసెయ్యకండి."

స్క్రీన్ మీద ఎలుగు చేతులు వేలాడేసి నిలబడింది.

పిన్ని భుజాలు కదిలాయి. మెల్లగా ఇటు తిరిగింది. ముడుచుకున్న మూతి సడలింది.

"దొరికింది!" పెద్దసారు కుర్చీలోంచి లేచి అరిచాడు. "కంట్రోలర్ కింద పెట్టెయ్యడమే విరుగుడు! కొట్టడం మానేస్తే కరుగుతుంది! అబ్బ, ఏం ఆలోచనమ్మా! ఏ ఆటగాడికి తడుతుంది ఇది?" అని అక్కడికక్కడే జాబితా పంపేశాడు. పిన్ని పేరు పక్కన, నాలుగో ఎత్తు: అలక, విరుగుడు ఉంది అని కూడా రాశాడు.

చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "నా గురించే రాశావు కదే అక్కా ఆ విరుగుడు! చేతిలో ఏదో ఒకటి నొక్కకుండా క్షణం ఉండలేనని తెలిసే రాశావు. పద, టీ తాగుదాం. ఇవాళ నీ కప్పు కూడా నేనే కడుగుతాను."

"నువ్వు పద. రెండు నిమిషాల్లో వస్తా," అంది అక్క.

అందరూ వెళ్ళాక డిజైనర్ తలుపు దగ్గరగా వేసింది. చెల్లెలు అక్కా అనగానే బటన్ మీంచి తనంతట తానే లేచిపోయిన బొటనవేలిని ఒకసారి చూసుకుని, ఇంతవరకూ తను రాయనే రాయని ఆ విరుగుడుని గబగబా రాయడం మొదలుపెట్టింది.